వాచీ తీసి ఇచ్చాక వచ్చిన సామి

కథలు రాయాలని ఉందంటూ నా దగ్గరికి వచ్చే కుర్రవాళ్ళను నేను మొదట అడిగేది ఒకటే: "నీకు ఎవరి మీద పగ?" చాలామంది నొచ్చుకుంటారు. సమాజం మీద అంటారు, వ్యవస్థ మీద అంటారు. అవి నాకు అక్కర్లేదు, మనిషి కావాలి. అన్నంలో మజ్జిగ ఎలా పోసుకుంటాడో నీకు తెలిసిన మనిషి. అలాంటివాడు ఎవడూ లేకపోతే ఇంటికి వెళ్ళి ఇంకొన్నాళ్ళు బతికి రమ్మంటాను. నేను ప్రేమతో రాయడం మొదలుపెట్టలేదు. మా మామ మీద కసితో మొదలుపెట్టాను. ఆ కసి నేర్పినంత పని నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు.

డెబ్బైల చివరి సంగతి. నాయన పోయాక అమ్మ నన్నూ అక్కనూ వెంటబెట్టుకుని తమిళనాడులో ఉన్న అత్తిమంజేరిపేటలో తన అన్న ఇంటికి చేరింది. మామకు చెరుకు, వేరుశనగ, పాడి ఆవులు ఉండేవి. అత్తకు మోకాళ్ళ నొప్పులు. అందుచేత పాలు పితకడం, వంట, పేడ ఎత్తడం అన్నీ అక్క చేతికే వచ్చాయి. నేను తిరువళ్ళూరులో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరి శనివారం శనివారం బస్సెక్కి ఇంటికి వచ్చేవాణ్ణి. బడి చదువు ముగించి ఇంట్లో ఉన్న అక్క తనంతట తానే దరఖాస్తు పెట్టుకుంది. తిరువళ్ళూరులో టీచర్ ట్రైనింగ్ సీటు వచ్చింది. తమిళుల ఆడి నెలలో, అంటే జూలై ఆగస్టుల మధ్య వచ్చింది. అదే ఇబ్బంది అయింది.

ఆడి నెలలో కృత్తిక నాడు తిరుత్తణి కొండకు కావడి ఎత్తుకుపోవడం మా ఇంటి ఆచారం. పసుపు పంచె కట్టుకుని, భుజాన కావడి పెట్టుకుని మామ ముందు నడిచేవాడు, వెనక మేమంతా. మెట్ల మధ్యలో ఒక మండపం దగ్గర డప్పులు జోరందుకుంటాయి. అక్కడికి రాగానే మామ మీదికి సామి వచ్చేది. మామకు ఇంట్లోనూ చేనులోనూ తెలుగే. సామి వస్తే మాత్రం తమిళం. తిరుత్తణి సామి కదా, తెలుగు మాట్లాడడు. బంధువులు కర్పూరం వెలిగించి ఆ ఏడాదికి కావలసినవి అడిగేవారు. పెళ్ళిళ్ళు, బావులు, తగాదాలు అన్నీ అక్కడే తీర్మానం అయ్యేవి.

అక్కకు సీటు వచ్చిన ఏడాది అమ్మ భయం భయంగా కర్పూరం వెలిగించి, పాపను ట్రైనింగుకు పంపమంటావా అని అడిగింది. సామి ఊగాడు, పళ్ళు కొరికాడు, తర్వాత సెలవిచ్చాడు: ఈ ఇంటి ఆడబిడ్డ ఈ ఏడాది ఊరు దాటి పోకూడదు, పోతే కొట్టంలో ఆవులు వట్టిపోతాయి.

నేను పక్కనే ఉన్నాను. అప్పటికే తిరువళ్ళూరులో హేతువాదుల వాదప్రతివాద సభల్లో నాకు పేరుంది. పూనకం భక్తా బూటకమా అన్న అంశం మీద ఎదుటివాణ్ణి నోరెత్తకుండా చేసినవాణ్ణి. మర్నాడే మామను పట్టుకున్నాను. సామికి ఆవుల పాలతో పనేమిటన్నాను. దేవుడికి అత్త మోకాళ్ళ మీద అంత అక్కర ఎందుకన్నాను. మామ పళ్ళు తోముకుంటూ ఓపిగ్గా విని, పుక్కిలించి ఉమ్మి నవ్వాడు.

"నాతో ఎందుకప్పా వాదం? చెప్పింది నేనా? సామిని అడుగు పో."

ఇక వాదించడానికి ఎవరూ లేరు. అమ్మ మామ కాళ్ళావేళ్ళా పడింది, అయినా అక్క చేరాల్సిన గడువు దాటిపోయింది. మళ్ళీ ఏడాది దరఖాస్తు పెట్టుకోవచ్చునని కబురు వచ్చింది. మళ్ళీ ఏడాది కూడా ఆడి కృత్తిక వస్తుంది, మండపం ఉంటుంది, సామి ఉంటాడు. వాదంతో పడగొట్టలేని మనిషిని కథతో పడగొడదామని నేను ఆ వారమే కూర్చున్నాను.

ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. మా ఊళ్ళో తెలుగు చెవుల్లో ఉండేది, కళ్ళలో ఉండేది కాదు. పెద్దవాళ్ళలో చాలామందికి అక్షరం రాదు. పిల్లలకు వస్తే తమిళ అక్షరం వస్తుంది. మద్రాసు నుంచి తెలుగు పత్రిక ఏదైనా చేతికి దొరికితే ఆదివారం భోజనాలయ్యాక మామ ఇంటి అరుగు మీద ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్ళు వినాలి. ఆ చదివేవాణ్ణి నేనే, నాకు అమ్మ తెలుగు అక్షరాలు నేర్పింది గనక. కాబట్టి మామను పదిమందిలో నిలబెట్టి కడిగే వేదిక మామ ఇంట్లోనే సిద్ధంగా ఉంది.

మొదటి కథ రాశాను. అందులో హేతువాది అయిన ఒక యువకుడు ఉన్నాడు. సభల్లో నేను గెలిచిన మాటలన్నీ వాడి నోట్లో పెట్టాను. ఒక దుర్మార్గుడు ఉన్నాడు, వాడికి పెద్ద మీసాలు పెట్టాను. మధ్యలో ఒక అమ్మాయి కొంగు కళ్ళకు అద్దుకుంటూ ఏడుస్తూ ఉంటుంది. పత్రికల్లో చూసిన భాషే కథల భాష అనుకున్నాను గనక దుర్మార్గుడు "నీవు ఈ గడప దాటినచో మన వంశము నాశనమగును" అన్నాడు. చివర కొండ మీద యువకుడు ఇచ్చిన ఉపన్యాసానికి జనమంతా చప్పట్లు కొట్టారు.

ఆదివారం అరుగు మీద చదివాను. ముగించి మామ ముఖంలోకి చూశాను. మామ పైపంచెతో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"అయ్యో పావం, ఆ పాప," అన్నాడు. "ఆంధ్రా పక్కోళ్ళు ఇంత పాపిస్టోళ్ళని నాకు తెల్దు గదప్పా. యాడ జరిగింది ఇది? బెజవాడ పక్కా?"

"ఆ పక్కే అయ్యుంటాది నాయనా," అంది పక్కింటి అవ్వ. "మనోళ్ళు అట్ల పురాణం చదివినట్ల మాట్లాడతారా? మనోళ్ళయితే నేరుగా తిడతారు."

"అదే గదా! మన పక్క అట్లాంటోడు ఉంటే చెప్పుతో కొట్టి ఉండరూ?" మామ లోపలికి కేక వేశాడు. "పాపా, అబ్బోనికి కాపీ తీసకరా. చక్కెర జాస్తి వెయ్యి. రొంబ బాగా రాసినాడు."

అక్క కాఫీ తెచ్చింది. ఆ కాఫీ నేను తాగాల్సి వచ్చింది. అంత తియ్యటి కాఫీ నా జీవితంలో మళ్ళీ తాగలేదు, ఆ చేదు ఇప్పటికీ నాలుక మీదే ఉంది.

కొత్తగా రాసేవాళ్ళు ఈ కాఫీని గుర్తుపెట్టుకోవాలి. నువ్వు ఎవణ్ణి కొట్టావో వాడే నీ వీపు తట్టి మెచ్చుకుంటే, దెబ్బ ఇంకెక్కడో గాలికి తగిలిందని అర్థం. నేను మామకు పరాయి మీసాలు పెట్టాను, పరాయి భాష ఇచ్చాను. ఆ దుర్మార్గుడు మామకు ఎన్నడూ ఎదురుపడని మనిషి అయిపోయాడు. సభలో ఎదుటివాడు ఓడిపోతే చాలు. కథలో అలా కాదు, ఎదుటివాడు తానే గెలుస్తున్నానని నమ్మాలి. ఈ రెండింటికీ ఉన్న తేడా నాకు అప్పటికి తెలియదు.

ఆ సాయంత్రం కొట్టంలో అక్క పాలు పితుకుతుంటే వెళ్ళి నిలబడ్డాను.

"కత ఎట్లుండాది అక్కా?"

"దాంట్లో నేను యాడుండాను రా?"

"అదే, ఆ ఏడ్చే అమ్మాయి..."

"నేనెప్పుడు ఏడ్చినాను?" అక్క తల ఆవు పొట్టకు ఆనించే ఉంది, నా వైపు తిరగలేదు. "ఏడ్చేదానికి చేతులు ఖాళీగా ఉంటే గదా. మామ వాచీ నా చేతిలో ఉండె."

"ఏ వాచీ?"

"సామి వచ్చేకి ముందు తీసి ఇచ్చే వాచీ రా. ఏటేటా నాకే ఇస్తాడు గదా. 'పాపా, పట్టుకో, అద్దం జాగర్త' అంటాడు. ఇచ్చినాకనే, అప్పురం ఊగుతాడు. నువ్వు పక్కనే ఉండావే, చూళ్ళేదా?"

చూడలేదు. నా సీటు పోవడం లేదు గనక నాకు చూడవలసిన అవసరం పడలేదు. పూనకం బూటకమని నిరూపించే పనిలో ఉన్నవాడికి పూనకం కనబడలేదు.

"బాగుండాది పో," అంది అక్క, చెంబు పక్కకు జరిపి. "పెద్ద రైటరు."

ఆ మనిషి తన సామి రాకముందే, అద్దం పగలకుండా, వాచీ తీసి పెట్టుకుంటాడు. ఎవరి బతుకును ఆ సామి ఆపబోతున్నాడో ఆ పిల్ల చేతిలోనే పెడతాడు. నా ఉపన్యాసం మొత్తం ఒక పళ్ళెంలో వేసి, ఆ వాచీ ఒక్కటీ ఇంకో పళ్ళెంలో వేస్తే ఏది కిందికి దిగుతుందో నాకు అక్కడే, ఆ పేడ వాసనలోనే తెలిసిపోయింది.

అయినా కథ వెంటనే రాలేదు. మళ్ళీ యువకుడి గొంతుతో రాసి చూశాను. వాడు వాచీని చూడగానే "చూశారా, చూశారా" అని అరుస్తాడు. వాచీ చచ్చిపోతుంది. అక్క గొంతుతో రాశాను. అక్కకు అంతా ముందే తెలుసు, తెలిసినవాళ్ళ నోట్లో అది ఫిర్యాదులా తేలింది. అందరి మనసులూ ఎరిగినవాడిలా పైనుంచి రాశాను. నాలుగు పేజీలు రాశాక నాకే సిగ్గేసింది. అందరి లోపలి మాటా నాకు తెలుసు, నేను చెప్పిందే తీర్పు అని ఊగుతున్నాను. కావడి ఒక్కటే తక్కువ. దేవుడి గొంతు పెట్టి మాట్లాడేవాణ్ణి దించడానికి నేనూ దేవుడి గొంతే అరువు తెచ్చుకుంటే ఇక మా ఇద్దరికీ తేడా ఏముంది?

మిగిలింది మామే. కథ మొత్తం మామ చెప్పాలి, "నేను" అని చెప్పాలి, మా ఊరి మాటలో చెప్పాలి.

దానికి నేను మామ లోపలికి వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళడం ఇష్టం లేదు, అయినా వెళ్ళాను. దొంగతనానికి వెళ్ళేవాడు ఇంటి యజమాని అలవాట్లు పసిగట్టినట్టు ప్రతి శనివారం, ప్రతి ఆదివారం మామను కనిపెట్టాను. పొద్దున్నే వాచీకి కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. చేనులో నీళ్ళు కట్టేటప్పుడు తీసి జేబులో వేస్తాడు. ఎవరైనా టైము అడిగితే ముఖం వెలిగిపోతుంది. మద్రాసు వెళ్ళి కొనుక్కున్న ఆ వాచీ మా బంధువుల్లో మొదటిది. అన్నీ చూశాక ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. మండపం దగ్గర పట్టీ విప్పుతున్నప్పుడు ఈయన లోపల ఏం నడుస్తుంది?

మోసం చేస్తున్నానని మాత్రం నడవదు. అది తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. సామి వస్తాడని ఆయన నిజంగానే నమ్ముతాడు. సామి జోరుగా వస్తాడు, చేతులు మెట్లకు తగులుతాయి, అద్దం పగులుతుంది, కాబట్టి తీసి పెట్టాలి. నేను అదే ఊళ్ళో ఉన్నా, పాప ఊరుగాని ఊళ్ళో హాస్టల్లో ఒక్కతే ఎలా ఉంటుందని దిగులు కూడా నిజమే. ఆవుల దగ్గర అక్క చేతులు కావాలన్న సంగతి ఆయన తనకు తాను కూడా ఎన్నడూ చెప్పుకోలేదు. దాన్ని చెప్పే పని సామికి అప్పగించాడు.

అందుకని కథలో ఆయన చేత ఒక్క చెడ్డ మాట కూడా అనిపించలేదు. చిన్నప్పుడు అక్కకు కాళ్ళు నొప్పి పుడితే కొండ కిందినుంచి పైదాకా భుజాన ఎక్కించుకుని మోసిన సంగతి నిజం, అది కూడా పెట్టాను. పెట్టేటప్పుడు పళ్ళు కొరుక్కున్నాను. తర్వాతి కాలంలో కొందరు విమర్శకులు దాన్ని నా కరుణ అన్నారు. కరుణ కాదు, ఎర. వినేవాళ్ళు ఆయన వెంట ఇష్టంగా మెట్లెక్కితేనే ఆయన వాచీ విప్పేటప్పుడు ఆయన పక్కన ఉంటారు. పాత్రను దూరంగా నిలబెట్టి రాళ్ళు వేసేవాడికి గురి కుదరదు. దగ్గరికి పోవాలి, ఊపిరి తగిలేంత దగ్గరికి. క్షమించడానికి మాత్రం కాదు.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. అక్క మళ్ళీ దరఖాస్తు పంపింది. ఆడి నెలకు ముందు ఒక ఆదివారం అదే అరుగు మీద కొత్త కథ తీసుకుని కూర్చున్నాను. బంధువులు చాలామందే ఉన్నారు. మామ గోడకు చేరగిలబడి ఉన్నాడు.

"ఈసారి యా ఊరి కతప్పా?" అన్నాడు.

"విను మామా, నీకే తెలుస్తాది."

"నేను కావడి ఎత్తేది మా తాత కాలం నుంచి వస్తా ఉండే పని" అని మొదలుపెట్టాను. మా ఊరి మాట నా నోట విని అందరూ ముందుకు జరిగారు. మామ తొడ చరిచి, "ఇది మనోళ్ళ కతరా!" అన్నాడు. కట్టుచద్ది మూట, బస్సులో తోపులాట, పాపను భుజాన మోసిన సంగతి, అన్నింటికీ నవ్వాడు, తలూపాడు. ఎవరి చేత నవ్విస్తున్నానో నాకు తెలుసు. తొందర పడలేదు. మండపం దగ్గరికి వచ్చాను. డప్పులు జోరందుకున్నాయి. "సామి వస్తా ఉండాడని నాకు తెలస్తా ఉండాది. వాచీ విప్పినాను. పాప చేతిలో పెట్టినాను. పాపా, పట్టుకో, అద్దం జాగర్త అంటిని. అప్పురం సామి వచ్చినాడు."

అంతే చదివి, ఏమీ కలపకుండా తర్వాతి వాక్యానికి వెళ్ళబోయాను. వెళ్ళనివ్వలేదు.

"ఆగప్పా, ఆగు," అంది పక్కింటి అవ్వ. నిజంగానే అర్థం కాక అడుగుతోంది. "సామి రాకముందే వాచీ ఎట్ల తీసినాడు? సామి వచ్చే టైము వాచీలో చూసుకున్నాడా ఏంది?"

ఎవరో ఒక ఆడమనిషి కిసుక్కుమంది. ఇంకొకరు పైట నోటికి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత అరుగంతా నవ్వు. ఎవరూ మామ పేరెత్తలేదు, ఎవరూ మామ వైపు వేలు చూపించలేదు. కళ్ళు మాత్రం అటే పోయాయి. మామ కోపంతో లేస్తాడనుకున్నాను. లేవలేదు. కుడిచెయ్యి వచ్చి ఎడమ మణికట్టును మెల్లగా కప్పింది.

ఆ చెయ్యి కదలడం చూడ్డానికే నేను రచయితనయ్యాను.

మర్నాడు పొద్దున బస్సుకు బయల్దేరుతుంటే మామ కొట్టం దగ్గర పిలిచాడు. మెడలో తువ్వాలు సర్దుకుంటూ కాసేపు ఆవును నిమిరాడు.

"అబ్బోడా, కత బాగుండాది. ఆ వాచీ ఒకటి తీసేయి."

"ఎందుకు మామా? ఎవుర్దో గదా ఆ వాచీ."

"సుమ్మా, ఊరికే చెప్తా ఉండా. అది లేకున్నా కత నిలబడతాది."

"నిలబడదు మామా."

"నీకు అన్నం పెట్టినాను గదరా."

"పెట్టినావు. అది కూడా రాసినాను గదా."

మామ ఆవు వైపు తిరిగిపోయాడు. ఆ కథను చదివినవాళ్ళలో అంత సరైన చోట వేలు పెట్టిన సంపాదకుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. తీసేయమని నీ శత్రువు బతిమాలే వాక్యం ఉంటుందే, కథ మొత్తం దాని మీదే నిలబడి ఉంటుంది. దాన్ని ముట్టుకోకు. నేను ముట్టుకోలేదు. ఆ వారమే మద్రాసులో ఒక తెలుగు పత్రికకు వాచీతో సహా పంపాను. వాచీతో సహా అచ్చయింది.

అక్కకు మళ్ళీ సీటు వచ్చింది. ఆడి కృత్తిక వచ్చింది. అందరం మళ్ళీ తిరుత్తణి బస్సెక్కాం. కొండ మెట్ల మీద బంధువులు మామూలుగా మామ వెనక నడవకుండా ఈసారి పక్కపక్కనే నడిచారు. మండపం వచ్చింది. డప్పులవాళ్ళు ఊపందుకున్నారు. అమ్మ కర్పూరం పళ్ళెం పట్టుకుని నిలబడింది. మామ భుజాలు కదలసాగాయి. కుడిచెయ్యి ఎడమ మణికట్టు దాకా వచ్చి, అక్కడ ఆగింది. అందరూ ఆ చేతినే చూస్తున్నారు.

అక్క చంకలోని పూలబుట్ట కింద పెట్టింది. రెండడుగులు ముందుకు వేసి అరచెయ్యి చాపింది. గొంతులో వెటకారం లేదు, ఏటేటా ఎలా నిలబడేదో అలాగే నిలబడింది.

"ఇయ్యి మామా, పట్టుకుంటా. అద్దం జాగర్తగా చూసుకుంటా."

మామ ఆ అరచేతిని చూశాడు. డప్పు మోగుతూనే ఉంది. మామ భుజాలు నిలిచిపోయాయి.

"వద్దులే పాపా," అన్నాడు, తెలుగులోనే. "ఉండనీ."

సామి రాలేదు. డప్పులవాళ్ళు మరికాసేపు వాయించి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఆపేశారు. అమ్మ పళ్ళెంలో కర్పూరం వెలగకుండానే ఉండిపోయింది. మిగిలిన మెట్లు మామ తల వంచుకుని ఎక్కాడు, చేతికి వాచీతో.

దిగి వచ్చాక బస్టాండులో అందరి ముందూ అక్క చెప్పింది, "రేపు నేను తిరువళ్ళూరు పోతా ఉండా మామా. చేరాల."

జవాబు కోసం అందరూ చూశారు. అత్త మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. మామ అటూ ఇటూ చూశాడు, నన్ను చూశాడు. తర్వాత ఏం చెయ్యాలో తోచక అలవాటుగా మణికట్టు పైకెత్తి వాచీ చూసుకున్నాడు.

"పొద్దున్నే పో," అన్నాడు. "ఎండెక్కితే బస్సులో నిలబడేకి చోటుండదు."

ఆ పూట నేను జాలి పడి ఉండాలని కుర్రవాళ్ళు ఆశిస్తారు. వాళ్ళ ముఖాల్లో కనబడుతుంది. పడలేదు. బస్సులో మామ వెనక సీట్లో కూర్చుని, ఊరు వచ్చేదాకా ఆ మణికట్టునే చూస్తూ వచ్చాను. కడుపు నిండా తిన్నట్టుంది. పక్కన అక్క మాత్రం మమ్మల్ని ఇద్దరినీ చూడలేదు. ట్రైనింగుకు ఏయే చీరలు సర్దుకోవాలో అమ్మను అడుగుతోంది.